నారా నగరంలో ఒక రోజు: బోధిసేనుని జాడలు

జపాను అనగానే మన మలేషియా తెలుగు కుటుంబాలలో ఒక్కొక్క తరానికి ఒక్కొక్క జపాను గుర్తుకు వస్తుంది. తాతల తరానికి అది 1941 డిసెంబరులో కోటబారు తీరాన దిగిన సైన్యం; సయాం–బర్మా రైలుదారి పనికని ఎస్టేటు లైన్ల నుండి తీసుకొనిపోగా మరి తిరిగిరాని మనుషులు. తండ్రుల తరానికి రేడియోలు, గడియారాలు, మోటారు కార్లు. మనుమలకు బొమ్మల కథలు. మేము ఈ వ్యాసంలో చెప్పదలచిన జపాను వీటన్నిటికన్నా పాతది. క్రీ.శ. 8వ శతాబ్దంలో దక్షిణ భారతం నుండి బయలుదేరి, చైనా మీదుగా జపాను రాజధానికి చేరి, అక్కడే కన్నుమూసిన ఒక భిక్షువు కథ ఇది. ఆయన చేతపట్టిన కుంచెను పన్నెండువందల డెబ్బై ఏళ్ళకు పైగా భద్రంగా దాచిన ఊరి కథ కూడాను.

ఆ ఊరు నారా. ఒసాకాలో మా పని ముగిసిన మరునాడు ఒక దినం ఖాళీ దొరికింది. తోడు ఎవరూ లేరు. భుజాన సంచి, చేతిలో ఒక పటం. నంబా స్టేషనులో రైలెక్కితే నలభై నిమిషాల ప్రయాణం. నారా 710 నుండి 784 వరకు జపానుకు రాజధాని. అప్పటి చైనా రాజధాని చాంగాన్‌ను చూసి, గళ్ళబల్ల మీద గీసినట్లు వీధులు తీర్చి కట్టారు. రాజధాని తరలిపోయిన తరువాత ఊరు చిన్నదైంది గాని గుడులు మిగిలాయి. ఒంటరిగా నడిచేవారికి ఇంతకన్న అనుకూలమైన ఊరు మేము చూడలేదు. ముఖ్యమైన ఆలయాలన్నీ ఒకే ఉద్యానవనం చుట్టూ ఉన్నాయి. ఒకదాని నుండి మరొకదానికి కాలినడకన పోవచ్చును.

స్టేషనుకు అన్నిటికన్నా దగ్గరది కోఫుకుజీ. ఫుజివారా అనే మంత్రివంశం వారి కులగురువుల ఆలయం వంటిది. దీని అయిదంతస్తుల గోపురం 1426లో కట్టినది, యాభై మీటర్ల ఎత్తు. ఈమధ్య మొదలైన పెద్ద మరమ్మతు కోసం దాని చుట్టూ కట్టడం కట్టి కప్పివేశారు. దానికి మేమేమీ చింతించలేదు. మమ్మల్ని పిలిచినది లోపలి నిధిశాలలో ఉన్న అసురుడు.

నిజంగానే అసురుడు. జపానువారు ‘అషురా’ అంటారు. 734లో చేసిన విగ్రహం. మూడు ముఖాలు, ఆరు చేతులు. మన బుర్రకథల్లో, తోలుబొమ్మలాటల్లో అసురుడంటే కోరలు, బుర్రమీసాలు, అట్టహాసం. ఇక్కడ ఉన్నవాడు సన్నని బాలుడు; కనుబొమలు ముడివడి, ఏదో తప్పు చేసి నిజం తెలుసుకొన్నవానివలె ముందరి రెండు చేతులు జోడించి నిలబడ్డాడు. ఆయన పక్కన గరుడుడు, గంధర్వుడు, కిన్నరుడు మొదలైనవారు బుద్ధుని పరివారంగా ఉన్నారు. ఈ బొమ్మలు రాతివి కావు, కొయ్యవి కావు. మట్టి ముద్ద మీద నారబట్టను లక్కవంటి చెట్టుపాలతో పొరలు పొరలుగా అంటించి, ఆరిన తరువాత మట్టిని తీసివేసి, లోపల కర్రచట్రం పెట్టి చేస్తారు. అందుచేత లోపల బోలుగా ఉండి తేలికగా ఉంటాయి. గుడి ఎన్నోసార్లు కాలింది. కాలినప్పుడు ఇటువంటి విగ్రహాలను భిక్షువులు చేతులతో ఎత్తుకొని బయటికి తెచ్చి కాపాడారని చెబుతారు. రాతివైతే మనకు మిగిలేవి కావేమో.

అగ్నిని తట్టుకొన్న ఈ ఆలయాన్ని పందొమ్మిదో శతాబ్దంలో ఒక ప్రభుత్వపు ఉత్తరువు ఇంచుమించు తుడిచిపెట్టింది. వెయ్యేళ్ళుగా జపానులో బుద్ధుడు, ఆ దేశపు కామి అనే పాత దేవతలు కలిసి ఒకే ప్రాంగణంలో పూజలందుకొనేవారు. 1868లో కొత్త మెయిజీ ప్రభుత్వం ఈ రెండు మతాలనూ విడదీయమని ఆజ్ఞ ఇచ్చింది. కోఫుకుజీ భిక్షువులు కాషాయం విడిచి పక్కనున్న కసుగా దేవళంలో పూజారులయ్యారు. ప్రహరీగోడలు కూల్చివేశారు. అయిదంతస్తుల గోపురాన్ని కూడా అతి చవకకు అమ్మబోయారని ఊరివారు ఇప్పటికీ చెప్పుకొంటారు. ఆ తరువాత 1880లో ఈ స్థలమే నారా ఉద్యానవనమైంది. ఇవాళ యాత్రికులు మెచ్చుకొనే ఆ విశాలమైన పచ్చిక, అడ్డుగోడలు లేని ఆ హాయి, నిజానికి ఒక మఠం కూలిన చోటు. ఈ సంగతి తెలిసి నడిస్తే ఆ గడ్డి వేరుగా కనిపిస్తుంది.

ఇక జింకలు. కసుగా దేవత తెల్లని జింకనెక్కి ఈ కొండకు వచ్చెనని స్థలపురాణం. అందువల్ల జింకను చంపడం ఒకప్పుడు మహానేరం. ఇప్పుడు పదమూడువందలకు అటూ ఇటూగా ఉన్నాయి. ఎవరి పెంపకమూ కాదు, అడవి జింకలే. తవుడు బిళ్ళలు కొని చేతిలో పెట్టుకొంటే తలవంచి నమస్కారం చేస్తాయి. ఆలస్యం చేస్తే చొక్కా పట్టి లాగుతాయి. మా చేతి పటంలో ఒక మూల ఒక జింక కడుపులోకి పోయింది. 1945లో లెక్క చూస్తే ఇక్కడ మిగిలినవి 79 మాత్రమేనట. యుద్ధపు ఆకలి ఇక్కడి దేవతావాహనాన్ని కూడా విడిచిపెట్టలేదు. మన తాతలు మరవల్లి గడ్డలు తిని బ్రతికిన సంవత్సరాలే అవి.

ఉద్యానం దాటితే తోదైజీ మహాద్వారం. 1199లో తిరిగి కట్టినది. లోపల ఇరువైపుల ఎనిమిది మీటర్లకు మించిన ఇద్దరు ద్వారపాలకులు. ఉంకేయి, కైకేయి అనే శిల్పులు తమ బృందంతో 1203లో, 69 రోజులలో ఈ కొయ్య విగ్రహాలను ముగించారు. ఒకని నోరు తెరిచి ఉంటుంది, రెండవవాని నోరు మూసి ఉంటుంది. తెరిచిన నోటిది ‘అ’కారం, మూసిన నోటిది ‘హూం’కారం. సంస్కృత వర్ణమాలకు మొదలూ తుదీ అని భావం. జపానువారు దానిని ‘అ–ఉన్’ అంటారు.

ఇక్కడ మేము కొంచెంసేపు నిలబడిపోయాము. బడిపిల్లల గుంపులు ద్వారం కింద నుండి పోతున్నాయి. ఆ పిల్లలు బడిలో తమ అక్షరాలు నేర్చుకొనే వరుస ఏమిటో చదువరులు గమనించాలి: అ, ఇ, ఉ, ఎ, ఒ, తరువాత క, స, త, న, హ, మ, య, ర, వ. మన పెద్దబాలశిక్షలోని వరుసే ఇది! ‘చ’ ఉండవలసిన చోట ‘స’ ఉంది. ‘హ’ ఉన్నచోట పూర్వం ‘ప’ పలికేవారు. మనకున్నన్ని ధ్వనులు వారి భాషలో లేవు గనుక కొన్ని గళ్ళు ఖాళీ. బౌద్ధ మంత్రాలను తప్పులేకుండా పలకడం కోసం సిద్ధం లిపినీ సంస్కృత వర్ణక్రమాన్నీ నేర్చిన భిక్షువుల చదువు నుండి ఈ క్రమం వారి భాషకు వచ్చింది. లిపి మనది కాదు, క్రమం మాత్రం మన ఇంటిదే. ఒకప్పుడు పేరాక్ తోటలలో తెలుగు బడులు ఉండేవి. అవి మూతపడి చాలా కాలమైంది. మన పిల్లలలో క తరువాత ఏమి వచ్చునో తడుముకోకుండా చెప్పగలవారు ఎందరు? ఇక్కడ ప్రతి పిల్లవాడూ చెబుతాడు, అది ఎక్కడిదో తెలియకపోయినా.

తోదైజీ మహాబుద్ధుని కథకు మూలం ఒక మహమ్మారి. 735 నుండి 737 వరకు మశూచి దేశాన్ని ఊడ్చివేసింది. రాజ్యం నడిపిన ఫుజివారా సోదరులు నలుగురూ 737లో పోయారు. షోము చక్రవర్తి దిగులుపడి, 743లో వైరోచన బుద్ధుని మహావిగ్రహాన్ని పోతపోయించ సంకల్పించాడు. ఒక గడ్డిపోచ, ఒక పిడికెడు మట్టి తెచ్చినవానిని కూడా ఈ పనిలో చేర్చుకోవలెనని ఆయన శాసనం. ఊరూరా తిరిగి మనుషులను కూడగట్టినవాడు గ్యోకి అనే వృద్ధ భిక్షువు. దాదాపు 500 టన్నుల రాగి పట్టింది. విగ్రహం ఎత్తు ఇంచుమించు 15 మీటర్లు.

752లో విగ్రహానికి నేత్రోన్మీలనం జరిగింది. మన ఊళ్ళలో విగ్రహ ప్రతిష్ఠనాడు కన్నులు తెరిపించే ఆచారమే. షోము అప్పటికి గద్దె దిగి, జబ్బున పడి ఉన్నాడు. ఆయనకు బదులుగా నిచ్చెనమెట్లెక్కి కుంచెతో కంటిపాపలు దిద్దినది బోధిసేనుడు. దక్షిణ భారత బ్రాహ్మణుడు. 704లో పుట్టిన ఈయన, చైనాలోని వూతాయ్ కొండ మీద మంజుశ్రీ బోధిసత్త్వుడు ఉన్నాడని విని దేశం విడిచి వెళ్ళాడు. అక్కడ జపాను రాయబారులు ఆహ్వానించగా, చంపాదేశపు భిక్షువు ఒకరితో కలిసి 736లో ఓడ దిగాడు. రేవుకు ఎదురువచ్చి స్వాగతం చెప్పినవాడు ఆ గ్యోకియే. బోధిసేనుడు నారాలోని దయాన్‌జీ మఠంలో నివసించాడు. 751లో సంఘానికి అధిపతిగా నియమితుడయ్యాడు. జపాను గ్రంథాలలో ఆయన పేరు ‘బరమోన్ సోజో’, అనగా బ్రాహ్మణ సంఘాధిపతి. షోము, గ్యోకి, మొదటి మఠాధిపతి రోబెన్, బోధిసేనుడు — ఈ నలుగురినీ తోదైజీ స్థాపకులుగా ఇప్పటికీ కొలుస్తారు.

ఆయన తెలుగువాడా అని మా మిత్రులు అడుగుతారు. శిష్యుడు వ్రాసిన చరిత్రలో ‘దక్షిణ భారతం’ అని మాత్రమే ఉంది. అంతకుమించి మనం లాక్కోరాదు. దక్షిణ భారతీయులందరూ పంచుకోదగిన మనిషి ఆయన.

మన పేరు చెప్పుకోదగిన సంబంధం మరొకటి ఉంది. తోదైజీ అవతంసక సూత్రాన్ని పట్టుకొన్న సంప్రదాయానికి ప్రధాన పీఠం. బోధిసేనుడు నిత్యం పారాయణ చేసినది ఆ సూత్రమే. దాని చివరి భాగం గండవ్యూహం, సుధనుడనే యువకుని యాత్ర. అతడు ధాన్యాకరమనే నగరంలో మంజుశ్రీని కలుసుకొని, ఆయన మాట మీద ఒంటరిగా దక్షిణానికి బయలుదేరి, ఒక గురువు నుండి మరొక గురువు వద్దకు నడుస్తాడు. గురువులలో రాజులు, భిక్షువులే కాదు, ఓడ నడిపేవాడు, అత్తరులమ్మేవాడు, పిల్లలు, స్త్రీలు ఉన్నారు. ఆ ధాన్యాకరం కృష్ణాతీరపు ధాన్యకటకమే, అంటే అమరావతి పక్కనున్న ధరణికోటయేనని పలువురు పండితుల అభిప్రాయం. జపానువారు ఆ సుధనుని ‘జెన్‌జాయి’ అని పిలిచి, అతని యాత్రను పటాల చుట్టలలో చిత్రించుకొన్నారు. మనకు దగ్గరలోని జావాలో, బొరొబుదూరు గోడల మీద చెక్కినదీ ఆ కథే. కృష్ణ ఒడ్డున మొదలైన నడక ఎంతదూరం పోయిందో చూడండి. మన వాళ్ళు కాకినాడలో, విశాఖలో ఓడ ఎక్కినప్పుడు ఈ దారి పాతదని వారికెవరూ చెప్పి ఉండరు.

ఆ మహోత్సవంనాడు కుంచెకు నీలిరంగు పట్టుతాడు ఒకటి కట్టారు. దాదాపు 200 మీటర్ల పొడవు. చక్రవర్తి కుటుంబం, అధికారులు, భిక్షువులు ఆ తాడు పట్టుకొని నిలిచారు. కుంచె కదిలినప్పుడు అందరి చేతులూ కదిలినట్లు, కన్ను తెరిపించిన పుణ్యం అందరిదీ అయినట్లు. ఆ కుంచె, ఆ తాడు ఇప్పటికీ ఉన్నాయి. మహామందిరం వెనుక షోసోయిన్ అనే కొయ్య భాండారం ఉంది. నేలకు ఎత్తుగా దిమ్మెల మీద నిలిపి, దూలాలు పేర్చి కట్టినది. 756లో షోము పోయిన తరువాత ఆయన రాణి కోమ్యో ఆయన వస్తువులను బుద్ధునికి సమర్పించగా ఈ భాండారం మొదలైంది. ఇప్పుడు వస్తువులు దాదాపు 9,000. మేము చూసినది బయటి నుండి మాత్రమే. ఆ భాండారపు వస్తువులలో కొన్నింటిని ఏటా శరత్తులో కొద్ది వారాలు నారా జాతీయ ప్రదర్శనశాలలో చూపుతారు.

కుంచె దాచి ఊరుకొన్నారనుకొంటే పొరపాటు. 1180లో తైరా సైన్యం నారాకు నిప్పు పెట్టింది. మందిరం కాలింది, బుద్ధుని తల కరిగి పడింది. చోగెన్ అనే అరవై ఏళ్ళు దాటిన భిక్షువు ఊరూరా తిరిగి చందాలు పోగుచేశాడు. చైనా నుండి వచ్చిన పోతపనివాడు తలను తిరిగి పోశాడు. 1185లో మళ్ళీ నేత్రోన్మీలనం. అప్పుడు గోషిరకావా మాజీ చక్రవర్తి స్వయంగా పైకెక్కి, భాండారం నుండి తెప్పించిన బోధిసేనుని కుంచెతోనే కన్నులు దిద్దాడు. నాలుగువందల ముప్పైమూడేళ్ళ తరువాత! 1567 యుద్ధంలో మళ్ళీ కాలింది. తాత్కాలికంగా వేసిన పందిరి 1610లో గాలివానకు కూలింది. ఆ పైన ఇంచుమించు వందేళ్ళు మహాబుద్ధుడు ఎండలో, వానలో, మంచులో కూర్చున్నాడు. కోకేయి అనే భిక్షువు 1684 నుండి భిక్షాపాత్ర పట్టి తిరిగాడు. 1692కు విగ్రహం బాగైంది. 1705లో ఆయన పోయాడు. మందిరం పూర్తి అయినది 1709లో. డబ్బు, పెద్ద మానులు చాలక మొదటి మందిరపు వెడల్పులో మూడింట రెండు వంతులకు తగ్గించి, 57 మీటర్లకు కట్టారు. అయినా లోపలికి అడుగుపెట్టినప్పుడు చిన్నదని ఎవరికీ తోచదు. ఇవాళ మనం చూసే తల 17వ శతాబ్దానిది. కింది పద్మపు రేకులలో కొన్ని మాత్రం 8వ శతాబ్దానివి, వాటి మీద మేరుపర్వతంతో కూడిన లోకాలు సన్నని గీతలతో చెక్కి ఉన్నాయి. విగ్రహమంతా అసలుదేనా అని మా పక్కనున్న ఒక విదేశీ యాత్రికుడు అడిగాడు. మాకు ఆ ప్రశ్నే రుచించలేదు.

కొండవాలున నిగత్సుదో అనే మందిరం, అంటే ‘రెండవ నెల మందిరం’. ఇక్కడ 752 నుండి ఏ ఒక్క ఏడాది మానకుండా ఒక వ్రతం జరుగుతోంది. ఇప్పుడది మార్చి 1 నుండి 14 వరకు. పదకొండు మంది భిక్షువులు లోకం చేసిన తప్పులకు పదకొండు ముఖాల అవలోకితేశ్వరుని ముందు క్షమాపణ వేడుకొంటారు. రాత్రుళ్ళు పెద్ద కాగడాలు వసారా మీద పరుగెత్తుతాయి. తోదైజీ కాలిన మరుసటి ఏడు కూడా మానలేదు. 1667లో ఈ వ్రతం జరుగుతుండగానే మందిరం తగలబడింది. 1669లో తిరిగి కట్టుకొన్నారు.

మేము వెళ్ళినది వ్రతకాలంలో కాదు. మందిరం నిశ్శబ్దంగా ఉంది. కాని ఆ వ్రతంలోని ఒక ఘట్టం చదువరులకు చెప్పాలి. రెండు రాత్రులు ‘గతించినవారి పట్టిక’ పైకి చదువుతారు. షోము మొదలుకొని ఈ గుడికి ఉపకారం చేసినవారి పేర్లు వరుసగా. 13వ శతాబ్దం ఆరంభంలో ఒక రాత్రి చదువుతుండగా నీలిబట్టలు కట్టిన ఒక స్త్రీ ప్రత్యక్షమై, “నా పేరెందుకు విడిచావు?” అని అడిగిందట. ఆమె ఎవరో చదివే భిక్షువుకు తెలియదు. గొంతు తగ్గించి, ‘నీలిచీర ఆవిడ’ అని చదివాడు. ఆమె మాయమైంది. అప్పటి నుండి ఆ చోటికి వచ్చినప్పుడు గొంతు తగ్గించి ‘నీలిచీర ఆవిడ’ అని ఏటా చదువుతూనే ఉన్నారు. తోటల పేరుపట్టికలలో గుమాస్తా వ్రాసినదే పేరై, ఇంటిపేర్లు జారిపోయి, ఊరిపేరు మరచిపోయిన కుటుంబాలకు ఈ కథ వింటే ఏమనిపిస్తుందో మేము వేరే చెప్పనక్కరలేదు. మన ముత్తవ్వలలో ఎందరికి పేరు తెలుసు?

కసుగా దేవళంలో ఎక్కువసేపు గడపలేదు. 768లో స్థాపించినది. దారి పొడవునా నాచుపట్టిన రాతి దీపస్తంభాలు, వసారాలలో వేలాడే కంచుదీపాలు. కలిపి మూడువేల దాకా. ఇచ్చినవారి పేర్లు వాటి మీద చెక్కి ఉన్నాయి. ఇరవై ఏళ్ళకొకసారి గుడిని బాగుచేసి కొత్త చేస్తారు; అరవయ్యోసారి 2016లో ముగిసింది. వెనుక కొండ మీద 841 నుండి వేట, చెట్టు నరకడం నిషేధం. పెద్దనగరం అంచున వెయ్యేళ్ళ అడవి మిగిలి ఉన్నదంటే ఆ నిషేధం మాటే.

మధ్యాహ్నం మూడు దాటింది. చాలామంది యాత్రికులు ఇక్కడితో నారా చాలిస్తారు. మేము ఒసాకా వైపు రైలెక్కి తోమియో అనే చిన్న స్టేషనులో దిగి, బస్సులో ర్యోసెన్‌జీకి వెళ్ళాము. ‘ర్యోసెన్’ అంటే గృధ్రకూటం, రాజగృహంలో బుద్ధుడు ఉపదేశించిన కొండ. ఇక్కడి కొండ ఆ కొండను పోలి ఉన్నదని బోధిసేనుడు ఆ పేరు పెట్టాడని ఆలయ సంప్రదాయం. దూరదేశం పోయినవారు కొండలకు, ఊళ్ళకు సొంత ఊరి పేర్లు పెట్టుకోవడం మనకు కొత్తకాదు. ప్రధాన మందిరం 1283 నాటిది. ఆవరణలో బెన్‌జాయితెన్‌కు ఒక గుడి ఉంది, ఆమె మన సరస్వతియే. గులాబీతోట కోసం వచ్చినవారు కొందరు కనిపించారు.

బోధిసేనుని సమాధి స్థానం ఆ కొండ మీదనే. పెద్ద కట్టడమేమీ కాదు. చెట్ల కింద ఒక చిన్న స్థలం. ఆయన 760లో, యాభైయేడవ ఏట, పడమటి ముఖంగా కూర్చొని చేతులు జోడించి కన్నుమూశాడని శిష్యుడు 770లో వ్రాశాడు. అమితాభుని స్వర్గం పడమట ఉన్నదని వారి నమ్మకం. ఆయన పుట్టిన దేశం ఉన్నదీ పడమటనే. మేము చెప్పులు విడిచి, ఆ వైపుకే తిరిగి కొంతసేపు నిలబడ్డాము. తరువాత బస్సు వేళ అయింది.